లక్షల పీసీకి మొదటి పార్టు.. గోడకున్న ప్లగ్గే!

కిందటేడాది మే నెల. సాయంత్రం ఐదున్నర అయ్యుంటుంది. కొత్తవలసలో మా డాబా మీదున్న రేకుల గదిలో కూర్చుని ఓ పెళ్లి వీడియో ఎడిట్ చేస్తున్నా. శృంగవరపుకోట వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి ఈదురుగాలి మొదలైంది. ఉన్నట్టుండి నెత్తి మీద ఫ్యాను రయ్యిమని తిరగసాగింది. బల్బు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగింది. 'ఇదేటిది?' అనుకునేలోపే టేబుల్ కింద నుంచి 'టప్' మని చప్పుడు. వెంటనే కాలిన వాసన. స్క్రీన్ నల్లబడిపోయింది.

పెళ్లిళ్లకీ పేరంటాలకీ కెమెరా పట్టుకుని తిరిగి కూడబెట్టిన డబ్బుతో, లక్షా పదివేలు పోసి కట్టుకున్న గేమింగ్ పీసీ... అంతే! పవర్ సప్లై పేలిపోయింది. పోతూపోతూ మదర్‌బోర్డునీ, గ్రాఫిక్స్ కార్డునీ కూడా పట్టుకుపోయింది. ఒక్కటే అదృష్టం. రెండు పెళ్లిళ్ల ఫుటేజీ ఇంకా మెమరీ కార్డుల్లోంచి తుడిచెయ్యలేదు. లేకపోతే ఆ పెళ్లివాళ్లకి నా ముఖం ఎలా చూపించేవాణ్నో!

కిందికి దిగి విషయం చెప్పా. మా నాన్న ముప్పయ్యేళ్లుగా హౌస్ వైరింగ్ పని చేస్తున్నాడు. ఏ పార్టు పోయిందనిగానీ, ఎంత పోయిందనిగానీ అడగలేదు.

"ఆ గదికి ఎర్తింగ్ లేదని నీకు తెల్దేటిరా?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఆ గదికి కరెంటు లాగింది నేనే. 'రెండ్రోజులాగు, సక్కగా లైను ఏస్తాను' అని నాన్న చెప్పినా ఆగలేక, కింద నుంచి ఓ ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగేశా. అందులో మూడో పిన్ను ఉత్తుత్తిదే.

ఇప్పుడు నా టేబుల్ కింద రెండో పీసీ ఉంది. మొదటి దానికన్నా పెద్దది. దీన్ని కొనేటప్పుడు పార్టులు ఎంచుకున్న వరసే పూర్తిగా మారిపోయింది. యూట్యూబ్‌లో ఎవరు చెప్పినా గ్రాఫిక్స్ కార్డుతో మొదలెడతారు. మనలాంటి ఊళ్లలో ఉండేవాళ్లు మొదలెట్టాల్సింది అక్కడ కాదని లక్షా పదివేలు కట్టి నేర్చుకున్నా. మీరు ఊరికే నేర్చుకోండి.

సగం డబ్బు కార్డుకే పోస్తే..

2023 వేసవిలో నేను చేసిన పని చూడండి. అప్పుడే ఆర్‌టీఎక్స్ 4070 మార్కెట్లోకి వచ్చింది. మొత్తం బడ్జెట్లో సగానికి పైగా దానికే పెట్టేశా. మిగిలినదాంట్లో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కొన్నాక చేతిలో చిల్లర మిగిలింది. అందుకే పవర్ సప్లై రెండు వేల లోపుది తీసుకున్నా. పేరు అనవసరం. డబ్బా మీద '600 వాట్లు' అని పెద్దక్షరాలతో రాసుంది, అదొక్కటే చూశా. మానిటర్ మా బావ ఆఫీసులో తీసేసిన పాతది. ఫుల్ హెచ్‌డీ, 60 హెర్ట్జ్.

అంటే ఏం జరిగిందో తెలుసా? కార్డు సెకనుకి 140 ఫ్రేములు తయారుచేసినా, మానిటర్ చూపించేది 60 సార్లే. మిగతా కష్టమంతా గాలికి. రెండేళ్లు నేను ఆడింది ఆ కార్డు ఆటే కాదు!

మా ఊరి వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కొత్తవలస జంక్షన్‌లో కిరండూల్ లైను కలుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బళ్లకి రెండు మూడు ఇంజిన్లు తగిలిస్తారు. ఎన్ని ఇంజిన్లుంటే ఏం లాభం? స్టేషన్ బయట సిగ్నల్ పడకపోతే బండి అక్కడే నిలబడిపోవాలి. పీసీ కూడా అంతే. అందులో ఉన్న ఖరీదైన పార్టు ఏదో చెప్పుకుని మురిసిపోతాం గానీ, అది ఎలా నడవాలో తేల్చేది మాత్రం అన్నిటికన్నా బలహీనమైన పార్టే.

నాన్న చెప్పిన పాఠం

ఆ సాయంత్రం అసలేం జరిగిందో నాన్న మర్నాడు కనుక్కొచ్చాడు. గాలికి మా వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు ఊడిందట. వీధి లైనులో మూడు ఫేజులుంటాయి. ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు, అందరికీ కలిపి ఒకటే న్యూట్రల్. అది ఊడితే 230 వోల్టులు రావాల్సిన చోట లెక్క తప్పిపోతుంది. లోడు ఎక్కువున్న ఫేజులో లైట్లు మసకబారతాయి. తక్కువున్న ఫేజులో వోల్టేజి మూడొందలు దాటిపోవచ్చు. ఫ్యాను రయ్యిమని తిరిగింది అందుకే. ఆ రోజు పక్కింటి టీవీ కూడా పోయింది.

"మంచి సప్లై బాక్సయితే అదొక్కటే సచ్చేది. నీది సచ్చీది సావకుండా అందర్నీ తీసుకెల్లిపోయింది" అన్నాడు నాన్న. నిజంగానే అంతే. మంచి పవర్ సప్లైలో వోల్టేజి హద్దు దాటితే లోపలి పార్టులకి కరెంటు ఆపేసే రక్షణలుంటాయి. చవకబారు వాటిలో వాటికోసం పెట్టాల్సిన ఖర్చునే మిగుల్చుకుంటారు.

కాలిన గుర్తులున్నాయి కాబట్టి గ్రాఫిక్స్ కార్డుకి వారంటీ వర్తించదన్నారు. రెండు నెలలు అద్దె ల్యాప్‌టాప్ మీద పెళ్లి వీడియోలు చేసి అప్పు తీర్చుకున్నా. దసరా ముందు అమ్మ చీటీ పాడి డబ్బు చేతిలో పెట్టింది. ఒకే ఒక్క షరతు: "ఈసారి మీ నాన్ననడక్కండా ఒక్క వైరు కూడా తగిలించకు."

అందుకే రెండో పీసీకి మొదట కొన్నవి ఇవీ: జీఐ పైపు, రాళ్లుప్పు, కట్టెబొగ్గు! ఇంటి వెనక జామచెట్టు పక్కన గొయ్యి తవ్వి, పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేసి నీళ్లు పోశాం. అక్కణ్నుంచి గది వరకూ విడిగా ఎర్త్ వైరు లాగాడు నాన్న. టెస్ట్ ల్యాంపు ఒక చివర ఫేజులో, రెండో చివర ఎర్తులో పెడితే బల్బు నిండుగా వెలిగింది. "ఇప్పుడు పెట్టుకో నీ కంప్యూటరు" అన్నాడు. (ఈ పరీక్ష మీరు చెయ్యకండి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.)

మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదని చెప్పే గుర్తు ఒకటుంది. పీసీ ఆన్‌లో ఉండగా క్యాబినెట్ ఇనుము తాకితే వేళ్లు జివ్వుమంటాయి. 'అన్ని పీసీలూ అంతేలే' అని నేను రెండేళ్లు సర్దుకుపోయా. అది పీసీ స్వభావం కాదు. పోవడానికి దారి దొరక్క క్యాబినెట్ మీద తిరుగుతున్న కరెంటు. ఎర్త్ లేకపోతే మీరు కొన్న స్పైక్ బస్టరు కూడా సగం ఉత్తదే.

దీంతోపాటు మీటరు దగ్గర ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ అనే చిన్న డబ్బా బిగించాడు. వోల్టేజి పెట్టిన హద్దు దాటితే లైను కట్ చేస్తుంది, మామూలయ్యాక మళ్లీ ఇస్తుంది. దీని ఖరీదు ఒక మంచి కీబోర్డు కంటే తక్కువ. ఇల్లంతటికీ పనికొస్తుంది కాబట్టి అమ్మ ఫ్రిజ్ కూడా సేఫ్.

ఇక యూపీఎస్. కంప్యూటర్ కొంటే షాపువాళ్లు మామూలుగా 600 వీఏది అంటగడతారు. వీఏ వేరు, వాట్లు వేరు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా మోయగలిగేది 360 వాట్లే. గేమ్ నడుస్తున్న హైఎండ్ పీసీ 450 వాట్లు లాగుతుంటే, కరెంటు పోయిన క్షణమే అదీ చేతులెత్తేస్తుంది. డబ్బా మీద వాట్లు చూసి కొనండి. ప్యూర్ సైన్ వేవ్ అయితే ఇంకా మంచిది. పని సేవ్ చేసుకుని షట్‌డౌన్ చెయ్యడానికి ఐదు నిమిషాలు దొరికితే చాలు.

కార్డు కంటే ముందు కళ్లు

గోడ పని అయ్యాక రెండోది మానిటర్. ఎంత పెద్ద కార్డు కావాలో చెప్పేది అదే. లెక్క సింపుల్. ఫుల్ హెచ్‌డీ అంటే తెర మీద 20.7 లక్షల చుక్కలు. 1440పీ అంటే దాదాపు 37 లక్షలు. 4కే అంటే 83 లక్షలు. ఒక్కో ఫ్రేముకీ కార్డు అన్ని చుక్కలకీ రంగు వెయ్యాలి. ఫుల్ హెచ్‌డీ నుంచి 4కేకి వెళ్తే పని నాలుగింతలు. బడ్జెట్ మాత్రం నాలుగింతలవ్వదు కదా!

మీరు ఆడేది వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివే అయితే ఒక రహస్యం చెప్తా. మీకు హైఎండ్ కార్డు అక్కర్లేదు. ఆ గేమ్‌లు మామూలు కార్డుల మీద కూడా పరుగెడతాయి. ఎక్కువ హెర్ట్జ్ ఉన్న ఫుల్ హెచ్‌డీ మానిటర్, మంచి ప్రాసెసర్ చాలు. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ కథల గేమ్‌లు అన్ని హంగులతో ఆడాలన్నా, నాలా వీడియో ఎడిటింగ్ చేసుకోవాలన్నా అప్పుడు పెద్ద కార్డు గురించి ఆలోచించాలి. నేను 27 అంగుళాల 1440పీ, 180 హెర్ట్జ్ దగ్గర ఆగా.

రెండు పొరపాట్లు చాలామంది చేస్తారు. మానిటర్ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టేస్తారు. అప్పుడు కార్డు ఖాళీగా కూర్చుంటుంది. రెండోది, 180 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేస్తారు. ఇప్పుడే వెళ్లి మీది చూసుకోండి. నవ్వొచ్చినా పర్లేదు.

పేర్లు చూసి పడిపోవద్దు

2025 జనవరిలో లాస్‌వెగాస్‌లో జరిగిన సీఈఎస్ వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ ఒక మాట అన్నారు. 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 పనితనంలో పాత రాజు 4090కి సమానమని! చాలామంది మావాళ్లు ఎగిరి గంతేశారు. అసలు సంగతి ఏంటంటే, ఆ లెక్కలో ఏఐ పుట్టించే ఫ్రేములు కూడా ఉన్నాయి. డీఎల్‌ఎస్‌ఎస్ 4లో కార్డు నిజంగా గీసిన ఒక్క ఫ్రేముకి మూడు ఫ్రేముల దాకా ఏఐ జత చేస్తుంది. చూడ్డానికి బొమ్మ నున్నగా కదులుతుంది, కాదనను. కానీ మౌస్ నొక్కితే స్పందన వచ్చేది నిజం ఫ్రేములకే. అసలు ఫ్రేములు ముప్పై వస్తుంటే, కౌంటర్‌లో 120 కనిపించినా చేతికి ఆ బరువు తెలుస్తూనే ఉంటుంది. అందుకే రివ్యూల్లో ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి తీసిన అంకెలు చూడండి.

రెండోది మెమరీ. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ పేరుతోనే 8 జీబీ కార్డూ ఉంది, 16 జీబీ కార్డూ ఉంది. కొత్త గేమ్‌లు ఫుల్ సెట్టింగ్స్‌లో 8 జీబీని సులువుగా నింపేస్తాయి. నిండితే గేమ్ ఆగి ఆగి కుదుపుతుంది. ల్యాప్‌టాప్‌ల సంగతి ఇంకా చిత్రం. డెస్క్‌టాప్ 5070 టీఐకి 16 జీబీ ఉంటే, అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌కి 12 జీబీయే.

నేను తీసుకుంది 5070 టీఐ. 16 జీబీ, 300 వాట్లు. దాదాపు అంతే మెమరీ, అంతే కరెంటుతో ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ కూడా ఉంది. గేమ్‌లు మాత్రమే ఆడేవాళ్లు దాని ధర తప్పక చూడాలి. నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎన్విడియాతో బాగా కలుస్తుంది కాబట్టి ఇటు మొగ్గా. 5090 సంగతి అడక్కండి. అదొక్కటే 575 వాట్లు. మా ఇంటి మిక్సీలతో పోటీ!

అన్నట్టు, జీటీఏ 6 కోసం ఇప్పుడే అప్పు చేసి పీసీ కొంటున్నవాళ్లు కాస్త ఆగండి. రాక్‌స్టార్ ప్రకటించిన 2026 నవంబరు 19 తేదీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకే. ఇది రాసేనాటికి పీసీ తేదీ చెప్పనేలేదు.

పోపుల పెట్టె ఉన్న ప్రాసెసర్

రైజెన్ 7 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ అని గేమర్లంతా ఎందుకు జపం చేస్తారో తెలుసా? మా అమ్మ వంటిల్లు చూస్తే తెలుస్తుంది. పోపు వేసేటప్పుడు ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు చేతికందేలా పోపుల పెట్టెలో ఉంటాయి. అందులో లేకపోతే అలమర తియ్యాలి. అలమరలో లేకపోతే కిరాణా కొట్టుకి పరుగు. ఈలోపు నూనె మాడిపోతుంది. ప్రాసెసర్‌కి పోపుల పెట్టె క్యాష్ మెమరీ. అలమర ర్యామ్. కొట్టు ఎస్‌ఎస్‌డీ. ఈ ఎక్స్3డీ చిప్‌లలో మామూలు క్యాష్‌కి ఇంకో 64 ఎంబీ పొర కలిపి మొత్తం 96 ఎంబీ చేశారు. పెట్టె పెద్దదైతే కొట్టుకి పరుగులు తగ్గుతాయి. గేమ్‌లకి కావాల్సింది అదే.

నేను 7800ఎక్స్3డీ తీసుకున్నా. 9800ఎక్స్3డీ ఇంకా వేగమే కానీ, 1440పీలో ఈ కార్డుతో ఆ తేడా నాకు అంతగా తెలీదు. మిగిలిన డబ్బు పవర్ సప్లైకి వెళ్లింది. రెండూ ఏఎం5 సాకెట్‌వే. ఈ సాకెట్‌కి కనీసం 2027 దాకా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది. అంటే రేపు బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మార్చుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లకి ఒక జాగ్రత్త. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజి అడిగి క్రమంగా పాడయ్యాయి. 2024లో ఇంటెల్ ఆ సంగతి ఒప్పుకుని, సరిచేసే మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచెయ్యదు. చవగ్గా వస్తోందంటే బిల్లు, వారంటీ రెండూ చూడకుండా ముట్టుకోవద్దు.

ర్యామ్ ధరలకి రెక్కలు

దసరాకి నేను కొన్న 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ ధర సంక్రాంతికి రెండింతలు దాటిపోయింది. మా తమ్ముడి ఫ్రెండు ఒకడు 'అన్నా, నీ ర్యామ్ నాకమ్మేస్తావా' అని అడిగాడంటే పరిస్థితి ఊహించుకోండి. కారణం ఏఐ. డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లన్నీ అటు పోతున్నాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ ఏకంగా క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఇందులో ఓ తమాషా ఉంది. అదే ఏడాది అక్టోబరు 14న మా పక్కనున్న విశాఖలోనే ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. మా కుర్రాళ్లు దాంట్లో ఉద్యోగాల కోసం చూస్తున్నారు. అదే కుర్రాళ్లు అలాంటి డేటా సెంటర్ల వల్లే ర్యామ్ కొనలేకపోతున్నారు!

ఇప్పుడు కొనేవాళ్లకి నా సలహా: ఎనిమిదేసి జీబీల స్టిక్కులు నాలుగు వద్దు. 16 జీబీవి రెండు తీసుకోండి. ఒకే స్టిక్కు పెడితే వేగం బాగా తగ్గుతుంది, నాలుగు పెడితే బోర్డు స్పీడు తగ్గించొచ్చు. 6000 అని రాసున్న ర్యామ్ పెట్టినంత మాత్రాన 6000 మీద నడవదు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చెయ్యాలి. డబ్బు మరీ తక్కువైతే ప్రస్తుతానికి 16 జీబీతో మొదలెట్టి, మిగిలింది కార్డుకి పెట్టడం తప్పేం కాదు.

గుండెకాయ విషయంలో పిసినారితనం వద్దు

ఈసారి పవర్ సప్లైకి పదివేల దాకా పెట్టా. 850 వాట్లు, గోల్డ్, ఏటీఎక్స్ 3.1. కార్డు 300, ప్రాసెసర్ 120, మిగతావన్నీ కలిపితే 500 దాటదు కదా, 850 ఎందుకు అంటారా? గ్రాఫిక్స్ కార్డులు కళ్లు మూసి తెరిచేంతలో రెట్టింపు దాకా లాగి మళ్లీ తగ్గుతాయి. ఆ కుదుపుని తట్టుకోవాలి. ఇంకో మాట. '80 ప్లస్ గోల్డ్' గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో మాత్రమే చెబుతుంది. లోపల రక్షణలు బాగున్నాయని చెప్పదు. అందుకే పూర్తిగా విప్పి పరీక్షించే రివ్యూలు చదివి, ఎక్కువ ఏళ్లు వారంటీ ఇచ్చేది తీసుకోండి.

కార్డుకి వెళ్లే సన్నటి 16 పిన్నుల కేబుల్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 కొన్న కొందరికి ఆ కనెక్టర్ కరిగిపోయింది. అది పూర్తిగా లోపలికి వెళ్లకపోవడం ఒక కారణంగా తేలింది. సందు కనిపించకుండా నొక్కండి. కనెక్టర్ దగ్గరే కేబుల్‌ని మడవకండి.

రేకుల గదికి సెలవు

పీసీ వాడే కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. 450 వాట్ల పీసీ అంటే మే నెలలో గదిలో చిన్న రూమ్ హీటర్ పెట్టుకున్నట్టే. మా రేకుల గదిలో మధ్యాహ్నం మనిషే ఉడికిపోతాడు. అందుకే పీసీ ఇప్పుడు కింద గదిలో, ఉత్తరం కిటికీ పక్కన. క్యాబినెట్ ముందువైపు అద్దం ఉన్నది కాకుండా జల్లెడలా రంధ్రాలున్నది, దుమ్ము ఫిల్టర్ ఊడదీసి కడుక్కునేది తీసుకున్నా. వాటర్ కూలర్ వద్దనుకుని మామూలు ఎయిర్ కూలర్ పెట్టా. అందులో పాడయ్యేది ఫ్యాను ఒక్కటే. దానికి స్పేర్ వైజాగ్‌లో దొరుకుతుంది.

కార్డు పవర్ లిమిట్‌ని 80 శాతానికి తగ్గించా. నా గేమ్‌లలో ఫ్రేములు నాలుగైదు తగ్గాయి. గది మాత్రం తెలిసేంత చల్లబడింది. రోజుకి నాలుగు గంటలు 500 వాట్లు వాడితే నెలకి 60 యూనిట్లు. కరెంటు బిల్లు స్లాబు దాటితే అమ్మ నోరు కూడా దాటుతుంది మరి.

ఎక్కడ కొనాలి?

కొత్తవలసలో ఇవేం దొరకవు. రైలెక్కితే గంటలోపే విశాఖ. ద్వారకానగర్ షాపుల్లో బోర్డు, పవర్ సప్లై, మానిటర్ తీసుకున్నా. కార్డు ఆన్‌లైన్‌లో. వెరైటీ కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. ఐదు వందలు తక్కువని దూరం పోకండి. పార్టు పాడైతే ఎక్కడికి మోసుకెళ్లాలో ముందే అడగండి. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి.

మొత్తం లెక్క రెండు లక్షలకి కాస్త అటూ ఇటూ అయింది. కార్డు వాటా ఈసారి నలభై శాతమే. అది చిన్న మొత్తం కాదు. పెళ్లి వీడియోల మీద తిరిగి వస్తుందన్న లెక్క ఉంది కాబట్టి పెట్టా. ఆడుకోవడానికే అయితే ఇందులో సగంలో అద్భుతమైన పీసీ వస్తుంది. అప్పు చేసి మాత్రం కొనొద్దు.

ఆర్డర్ పెట్టేముందు ఈ వరస చూడండి

• ఎర్తింగ్ ఉందా? వోల్టేజి ప్రొటెక్టర్ ఉందా? ఎలక్ట్రీషియన్‌తో చూపించారా?
• ఏ గేమ్‌లు ఆడతారు? దానికి తగ్గ మానిటర్ ఏది?
• ఆ మానిటర్‌కి సరిపడే కార్డు ఏది? మెమరీ ఎంత?
• ప్రాసెసర్, బోర్డు రేపు మార్చుకునేలా ఉన్నాయా?
• పవర్ సప్లైకి పేరున్న రివ్యూ ఉందా? యూపీఎస్ వాట్లు సరిపోతాయా?
• గదిలో గాలి ఆడుతుందా?

సిరిమాను పండగ వారంలో..

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జరిగిన వారమే నా పీసీ పూర్తయింది. నాన్నకి గేమింగ్ అంటే మంచి అభిప్రాయం లేదు. తప్పు ఆయనది కాదు. మా వీధిలో ఒక కుర్రాడు ఫోన్లో బెట్టింగ్ ఆడి బైకు అమ్ముకున్నాడు. ఆయన దృష్టిలో అదీ ఇదీ ఒకటే. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించిందని చెప్పా. "సట్టం సంగతి సరే, నువ్వు డబ్బులెట్టి ఆడవు కదా?" అన్నాడు. ఆడనని ఒట్టేశా.

ఆ రోజు మొదటిసారి పవర్ బటన్ నాన్న చేతే నొక్కించా. ఫ్యాన్లు చప్పుడు లేకుండా తిరిగాయి. అరచేత్తో క్యాబినెట్ నిమిరి చూశాడు, జివ్వుమంటుందేమోనని. అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

జీటీఏ 5 పెట్టి నగరం వీధుల్లో కారు నడిపి చూపించా. వాన పడుతోంది. తడి రోడ్డు మీద లైట్లు మెరుస్తున్నాయి. నేను ఆయన ముఖం వైపు చూస్తున్నా, 'అబ్బ' అంటాడేమోనని. ఐదు నిమిషాలు కళ్లార్పకుండా చూశాడు.

"ఒరే, బండి ఒక్కసారాపు" అన్నాడు.

ఆపా. తెర దగ్గరికి వంగి రోడ్డు పక్క కరెంటు స్తంభాన్ని వేలితో చూపించాడు.

"ఇన్ని లచ్చలెట్టి ఆట సేసేరు గానీ... ఈ స్తంభానికి ఎర్త్ వైరేదిరా?"